ఏ జీవిదీ కాని తోలు

నంద్యాల,
6-1-1984

దాసరయ్య బావకు సుంకన్న దండాలు. మా అక్క గురవమ్మకు వేరే దండం రాయడం లేదు. ఈ జాబు ఎట్లయినా ముందు ఆమే చించుతుంది.

నీ కారు నా అంగడి ముందర నిలబడి ఉంది. నందికొట్కూరు కంట్రాక్టరు దగ్గర కొన్న అంబాసిడరని ఊరంతా చెప్పుకున్నావంట. ఇంజను ఎట్లుందో నాకు తెలియదు, అది నా పని కాదు. సీట్లు నా పని. ఇరవై రెండేండ్లుగా బస్టాండు వెనక సీట్లు కుట్టి బతుకుతున్నవాణ్ణి. మనుషులెంత రోతవాళ్ళో మొగాలు చూసి చెప్పలేను గానీ, వాళ్ళు కూర్చున్న సీటు కోస్తే చెప్పగలను.

నిన్న పొద్దున వెనక సీటు రెక్సిను కోసినాను. కోసిన వెంటనే పక్కంగడి టీ మాస్టరు ముక్కు మూసుకొని బయటికొచ్చి, "ఏందప్పా సుంకన్నా, పీనుగను గానీ తెచ్చినావా?" అన్నాడు. లోపల ఏమేమున్నాయో విను. చెనక్కాయ పొట్టు, కోడి ఎముకలు, బీడీ ముక్కలు, నమిలి సందులో దోపిన ఆకువక్క, ఏడు పిన్నీసులు, ఒక పన్ను. అవును బావా, మనిషి పన్నే. దవడ పన్ను. ఆ కంట్రాక్టరు కారులో పన్ను ఊడేంత పని ఏం జరిగిందో నువ్వే కనుక్కో. కొబ్బరి పీచంతా పసిపిల్లల ఉచ్చ తాగి తాగి నల్లబడింది. స్ప్రింగుల నడుమ ఎలుక కాపురం పెట్టి పిల్లల్ని కనింది, వాటిల్లో రెండు ఎండి అప్పడాలైనాయి. ఆ దినం నేను అన్నం తినలేదు. మా ఇంటిది శివమ్మ "ఏమాయె, యాల తినవు?" అని అడిగితే చెప్పినాను. ఆమె కూడా తినలేదు.

ఆ చెత్తంతా కాల్చేసినాను. ఇప్పుడు కొత్తది వెయ్యాల. ఒకటి, తోలు. ఎనుము తోలు. మామూలు బర్రెది. ఎండకు కాలుతుంది, చెమటకు వీపుకు అంటుకుంటుంది, నూనె పట్టించకుంటే పగులుతుంది. అయినా తోలు తోలే, నీ కొడుకు కాలానికి కూడా ఉంటుంది. ఇంకొకటి స్వేడ్ అంట. పేరు పలకాలంటేనే పండ్లు అడ్డం వస్తాయి. తోలును తిరగేసి గీకితే ఎట్లా నూగు లేస్తుందో, అట్లా నూగు లేచి ఉండే గుడ్డ. తోలు మాత్రం కాదు, జపానోళ్ళు ఏవో కెమికలు దారాలతో చేసినది. ఇక్కడి మిల్లు యజమాని ఒకాయన తన కారుకని మద్రాసు నుంచి తెప్పించి, గుడ్డ వచ్చేలోపల కారే అమ్ముకున్నాడు. ఆ చుట్ట నా అంగట్లో పడి ఉంది. వేలితో ఇటు రాస్తే ముదురు రంగు, అటు రాస్తే లేత రంగు. ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. బతికినదేదైనా చస్తే వాసన వస్తుంది. ఇది పుట్టనూ లేదు, చావనూ లేదు.

నన్నడిగితే తోలే వేసుకో. స్వేడ్ ముక్క కవర్లో పెట్టినాను, చూసి తొందరగా రాయి. సీట్లు లేని నీ కారులో మా వీధి కుక్క పండుకుంటోంది. నీకన్నా మేలుగా తోలేటట్టుంది.

నీ పెండ్లాం తమ్ముడు,
సుంకన్న


ఆళ్ళగడ్డ,
10-1-1984

సుంకన్నకు,

జాబు అందింది. పన్ను సంగతి చదివినప్పటి నుంచి మీ అక్క ఆ కారు ఎక్కనంటోంది. అది నిజమో పరాచికమో నాకు తెలియదు. నువ్వు రాసినదాంట్లో ఏది నిజమో తేల్చడం పుట్టించిన బ్రహ్మ వల్ల కూడా కాదు. పోయిన ఏడాది "టాక్సీ తోలేవాళ్ళు మీసం కొలత ఆఫీసులో రాయించాల, లేకుంటే లైసెన్సు పోతుంది" అని కార్డు రాస్తివి. నేను కర్నూలు దాకా పోయి, గుమాస్తా ముందర మీసం దువ్వుకొని నిలబడితిని. ఆయప్ప నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. బావతో బామ్మర్ది పరాచికాలాడేది లోకంలో ఉన్నదే, కాదనను. ఈసారి మాత్రం వద్దు. ఈసారి నా బతుకు.

సంగతేమంటే, అహోబిలంలో చక్రపాణి స్వామి అని పండితుడున్నాడు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు ఎక్కడెక్కడి పండితులో వచ్చి నంద్యాల స్టేషన్లో దిగుతారు. వాళ్ళను కొండకు చేర్చే కారును మాట్లాడేది ఈయనే. ఈ ఉత్సవాలకు కుదిరితే ఏడాదంతా మన కారే. ఆయన నాతో ఒకటే మాట అన్నాడు. "దాసరయ్యా, మడితో ఉండేవాళ్ళు కూర్చునే సీటు. పశువు తోలైతే మాకొద్దయ్యా." చేను అమ్మి కొన్న కారు ఇది. ఆయన కాదంటే, నేను బస్టాండులో నిలబడి పెండ్లిగుంపుల కోసం దారి కాయాల. అందుకని తోలు మాట ఎత్తవద్దు.

నువ్వు పంపిన ముక్కను మీ అక్క చెంపకు ఆనించుకొని, "ఇది జింక తోలు గాక ఇంకేంది?" అనింది. మీ తాత దగ్గర జింక తోలు ఉండేదంట, దాని లోపలి పక్క అచ్చం ఇట్లే ఉండేదంట. నేనూ నిమిరి చూసినాను. దీన్ని జపాను గుడ్డ అంటే ఎవరు నమ్ముతారు? ఉన్నది ఉన్నట్టు రాయి.

దాసరయ్య


నంద్యాల,
13-1-1984

బావకు,

మా తల్లి నాగేశ్వరమ్మ మీద ఒట్టు వేసి రాస్తున్నాను, అది జింక తోలు కాదు. జింకదీ కాదు, దుప్పిదీ కాదు, పిల్లిదీ కాదు. కొంచెం బుర్ర పెట్టి ఆలోచించు. తోలంటే దానికి నాలుగు కాళ్ళ ఆకారం ఉంటుంది, మెడ దగ్గర మందం, పొట్ట దగ్గర పలచన, యాడో ఒకచోట ముల్లు గీసిన మచ్చ. నా అంగట్లో ఉన్నది ఎనిమిది గజాల చుట్ట, అతుకు లేదు, మచ్చ లేదు. ఎనిమిది గజాల జింకను నువ్వు నల్లమలలో చూసింటే చెప్పు, నేనూ వచ్చి దండం పెట్టుకుంటాను.

నువ్వు తోలు వద్దన్నావు, సరే. ఇదే వేస్తాను. తర్వాత నన్ను తిట్టవద్దు. ఈ గుడ్డ గొప్పంతా ఎవరూ కూర్చోకముందే. మన జనం నీకు తెలియనివాళ్ళు కాదు. తలకు అరచెంబు ఆముదం పట్టించి ఆ తల సీటుకు ఆనిస్తారు. ముక్కు చీది వేళ్ళు యాడ తుడవాలని చుట్టూ చూసి, సీటు అంచునే తుడుస్తారు. కొండ మలుపుల్లో కక్కుతారు. తోలయితే తడి గుడ్డతో తుడిచి మరిచిపోవచ్చు. ఈ నూగుగుడ్డ ఆ కక్కుడును గర్భంలో దాచుకున్నట్టు దాచుకుంటుంది. ఆర్నెల్లకు నీ కారు తలుపు తెరిస్తే మీ వీధి పందులు కూడా పక్కకు తప్పుకుంటాయి.

ఇదంతా నిజం. నా బతుకులో ఇంత నిజం ఒకే జాబులో ఎప్పుడూ రాయలేదు, చెయ్యి నొప్పి పుడుతోంది. మీ స్వామి అడిగితే "గుడ్డ" అని చెప్పు. అబద్ధం కూడా కాదు.

సుంకన్న


ఆళ్ళగడ్డ,
19-1-1984

సుంకన్నకు,

మీసం కార్డులో కూడా మీ అమ్మ మీదే ఒట్టు వేసింటివి. మీ అక్క ఆ కార్డు పెట్టెలో దాచింది, తీసి చూపించింది.

గుడ్డ అని చెప్పమన్నావు, చెప్పినాను. చక్రపాణి స్వామి ముక్కను వెలుతురులో పెట్టి చూసి, "ఏ గుడ్డ? నూలా, పట్టా?" అన్నాడు. కెమికలు అన్నాను. ఆయన మొగం మాడ్చినాడు. "అందులో ఏ కొవ్వు కలిపారో, ఏది ఉడకబెట్టారో ఎవరికి తెలుసయ్యా?" అన్నాడు. అంతలో ఆయన భార్య చూడామణమ్మ వచ్చి ముట్టుకొని, "ఇది జింక చర్మంలా ఉందే! అదైతే జపం చేసేటప్పుడు కూడా వేసుకుంటాం, మడికి దోషం లేదు" అనింది. ఆయన నా వైపు తిరిగి, "ఏ జీవిదో సరిగ్గా కనుక్కొని చెప్పు, దాన్నిబట్టి చూద్దాం" అన్నాడు.

మీ అక్క జింకదే అంటోంది, చూడామణమ్మ జింకదే అంటోంది. నువ్వు ఒక్కడివే కాదంటున్నావు. నువ్వు కాదంటే ఔనని మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. జింకను కొడితే కేసని అడవి ఆఫీసోళ్ళకు భయపడి దాస్తున్నావేమో, నాకు అర్థమవుతుంది. నేను ఎవరితో చెప్తాను? ఏ జీవిది, ఎవరు తెచ్చినారు, ఎట్లా చేసినారు, అన్నీ విడమరిచి రాయి. నా బతుకు నీ జాబు మీద ఆగి ఉంది.

దాసరయ్య


నంద్యాల,
22-1-1984

మహారాజశ్రీ దాసరయ్య బావగారికి,

నిజం రాస్తే నీకు సయించలేదు. నీకు కావలసిన మాట ఇదిగో, తీసుకో.

అది జింక తోలే. మా అంగడికి తేనె తెచ్చే చెంచు పాపయ్యను నువ్వు చూసింటావు, రుద్రవరం పైన కొండలో ఉంటాడు, తేనె చట్టి తలమీద పెట్టుకొని పొడుగ్గా నడిచే మనిషి. ఆయప్పే తెచ్చినాడు. మొత్తం పదమూడు తోళ్ళు. తంగేడు చెక్క నీళ్ళలో తొమ్మిది దినాలు నానబెట్టి, ఏటి రాయితో రుద్ది, వెన్నెల్లో ఆరబెట్టినారు. ఎండలో ఆరబెడితే జింక తోలుకు అలక వస్తుంది. ఎనిమిది గజాల చుట్ట అని నేనెందుకు రాసినానంటే, అతుకులు కనపడకుండా కుట్టింది నేనే కాబట్టి. ఇటు రాస్తే ముదురు, అటు రాస్తే లేత అని రాసింటిని గదా. దాని మర్మం కూడా చెప్తాను. జింక పరుగెత్తిన దిక్కుకు లేత, భయపడి ఆగిన దిక్కుకు ముదురు. డ్రైవరు సీటుకు పరుగెత్తిన దిక్కు వేస్తున్నాను, బండి బాగా లాగుతుంది. బ్రాహ్మలు కూర్చునే చోట ఆగిన దిక్కు వేస్తున్నాను, నిదానంగా ధ్యానం చేసుకుంటారు.

కుట్టు పని మొదలుపెట్టినాను. ఫిబ్రవరి మొదట్లో వచ్చి కారు తీసుకుపో.

సుంకన్న


ఆళ్ళగడ్డ,
9-2-1984

బంగారు బామ్మర్ది సుంకన్నకు,

మొన్న కారు తీసుకొనిపోయేటప్పుడు నువ్వు అంగట్లో లేకపోతివి. శివమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి బయలుదేరినాను. దారి పొడుగునా ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో సీటు నిమురుతూనే వచ్చినాను.

నిన్న అహోబిలం పోయినాను. నీ జాబు చక్రపాణి స్వామికి చదివి వినిపించినాను. తంగేడు చెక్క నీళ్ళని విని ఆయన తల ఊపినాడు. పదమూడు అని విన్నాక ఉత్తరీయం సర్దుకొని సీటులో కూర్చున్నాడు. కండ్లు మూసుకున్నాడు. "హాయిగా ఉందయ్యా" అన్నాడు. చూడామణమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి చూపించింది. కారు కుదిరింది సుంకన్నా! ఉత్సవాలకు మన కారే. మీ అక్క కూడా ఎక్కింది, పన్ను సంగతి మరిచిపోయింది.

మొదట్నుంచి నిజం రాసింటే ఇంత తిప్పలు ఉండేది కాదు. అయినా పోనీ. ఆ జాబును కారులో స్టీరింగు పక్క డబ్బాలో భద్రంగా పెట్టినాను. ఎవరన్నా అడిగితే చూపిస్తున్నాను. తోలు పాడు కాకుండా ఏం చెయ్యాలో రాయి.

దాసరయ్య


నంద్యాల,
12-2-1984

బావకు,

నీ జాబు టీ అంగట్లో చదివినాను. నాలుగు సార్లు చదివించుకున్నారు. టీ మాస్టరుకు నవ్వి నవ్వి పొరబోయింది.

నాకు ఒకటి చెప్పు. ఎనుము తోలైతే రోత, జింక తోలైతే హాయి. ఎనుము ఏం పాపం చేసింది? బతికినన్ని దినాలు పాలు పోసింది, తనంతట తాను చచ్చింది, దాని తోలు ముట్టుకుంటే మైల. పరుగెత్తే జింకను కొట్టి, పదమూడింటిని కొట్టి, తోలు ఒలిస్తే దాని మీద కండ్లు మూసుకొని ధ్యానం! ఆ కండ్లు మూసుకున్న మొగాన్ని తలుచుకుంటే నాకు రోత పుడుతోంది. సీట్లలో ఎలుక పిల్లలు దొరికినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు.

తోలు పాడు కాకుండా ఏం చెయ్యాలని అడిగినావు. శుక్రవారం శుక్రవారం సీటు మీద పిడికెడు పచ్చిగడ్డి పరుచు. జింక తోలు గడ్డి వాసనకు మెత్తబడుతుంది. గరికయితే మరీ మంచిది.

సుంకన్న


ఆళ్ళగడ్డ,
27-2-1984

సుంకన్నా,

శుక్రవారం నాడు దారిలో ఖాకీ బట్టలాయన ఒకడు చెయ్యెత్తితే ఎక్కించుకున్నాను. సీటు మీద గరిక ఉంది. "ఏందప్పా ఈ గడ్డి, కారులో మేకను గానీ మేపుతాండావా?" అన్నాడు. నేను నవ్వి, జింక తోలుకు గడ్డి వేస్తాండానని చెప్పినాను. ఆయన నవ్వలేదు. సీటు నిమిరి చూసినాడు. ఆయన అడవి గార్డని నాకు అప్పుడు తెలియదు.

కారును రుద్రవరం అడవి ఆఫీసుకు తోలించినారు. ఇప్పుడు ఆడే ఉంది. జపాను గుడ్డ అని మొత్తుకున్నాను. డబ్బా తెరిచి నీ జాబు తీసినారు. అందులో అన్నీ ఉన్నాయి గదా. పదమూడు, తంగేడు చెక్క, రుద్రవరం పైన కొండ, పాపయ్య.

నన్ను సంతకం పెట్టించుకొని పంపినారు. శనివారం తెల్లారేసరికి పోయి పాపయ్యను పట్టుకొచ్చినారు. మిగిలిన మాంసం యాడ, ఇంకా ఎవరెవరు ఉన్నారని అడుగుతున్నారంట. ఆయప్ప తేనె తప్ప ఇంకేమీ అమ్మలేదంటే, నీ జాబు చూపిస్తున్నారంట. ఆయప్పకు చదువు రాదు. అందులో తన పేరు యాడుందో వేలు పెట్టి చూపించమన్నాడంట.

ఆయన భార్య మారెమ్మ నిన్న పొద్దున వచ్చి మా గడప ముందర కూర్చుంది.  మీ అక్క నీళ్ళిస్తే తాగలేదు. పొద్దు గూకినాక లేచి పోయింది. 

ఉత్సవాలు పది దినాల్లో ఉన్నాయి. 

ఇప్పుడు రాయి. అది జింక తోలేనా, కాదా?

దాసరయ్య


నంద్యాల,
2-3-1984

బావకు,

నీ జాబు నిన్నటి ముందు దినం అందింది. అప్పుడే బస్సెక్కినాను. ఆళ్ళగడ్డలో బస్సు మారినాను గానీ మీ వీధి వైపు తల తిప్పలేదు. మారెమ్మ గడప ముందర కూర్చొని ఉంటే ఏం చెయ్యాల?

అడవి ఆఫీసులో మేజా బల్ల ముందర నిలబెట్టినారు. ఆఫీసరు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వేనా సుంకన్న? జింక పరుగెత్తిన దిక్కు, ఆగిన దిక్కు అని రాసినోడివి?" అన్నాడు. ఔనన్నాను. నా జాబు తీసి పైకి చదివినాడు. గుమాస్తాలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. పాపయ్య గోడ పక్కన గొంతుకూర్చొని వింటున్నాడు. రాసేటప్పుడు ఆ మాటలు నాకు ఎంత ముద్దొచ్చినాయో! ఆయన నోట వింటే, ఆ పాత సీటు కోసినప్పుడు కొట్టిన వాసన నా నోట్లోంచే కొట్టింది.

"సార్, అదంతా పరాచికం. బావతో ఆడినాను" అన్నాను.

"మరి ఇప్పుడు చెప్పేది పరాచికం కాదని ఏం గుర్తు?"

 కత్తి ఇప్పించమన్నాను. నీ కారు వెనక సీటులోంచి ముక్క కోసినాను. నా చెప్పు వారు కూడా కోసినాను. "రెండూ కాలుస్తాను, మీరే చూడండి" అన్నాను. చెప్పు తోలు బొచ్చు మాడిన కంపు కొట్టి బొగ్గయింది, నలిపితే పొడి రాలింది. స్వేడ్ ముక్క ముడుచుకొని, కరిగి, నల్లగా కారింది. ఒక బొట్టు నా బొటనవేలి మీద పడి అతుక్కుంది. గీకితే నా తోలుతో సహా వచ్చింది.

ఆయన అంతటితో వదల్లేదు. "ఈ ముక్క జపానుది, తక్కినవి జింకవి అయితే?" అన్నాడు. న్యాయమే. నా మాటకు అంతే విలువ. తొమ్మిది చోట్ల కోయించినాడు. తొమ్మిదీ నేనే కోసి, నేనే కాల్చినాను. కుట్టు కనపడకుండా కుట్టినానని రాసింటిని గదా, నిజంగానే బాగా కుట్టినాను బావా. కోయడానికి ప్రాణం ఒప్పలేదు.

తర్వాత కాగితం ఇచ్చి రాయమన్నారు. "నేను రాసిన జాబులో ఒక్క మాట కూడా నిజం కాదు. పాపయ్య అనే మనిషి నాకు తేనె తప్ప ఏమీ అమ్మలేదు. నేను అబద్ధాలు రాసే మనిషిని" అని రాసి సంతకం పెట్టినాను. పాపయ్యను లేపి పొమ్మన్నారు.

బయట ఆయప్ప నా దగ్గరికొచ్చి నిలబడినాడు.

"సుంకన్నా, జాబులో నా పేరు యాల రాసినావ్?"

"రాస్తాంటే చేతికొచ్చింది పాపయ్యన్నా."

ఆయప్ప నా చేతిలో మిగిలిన ముక్క తీసుకున్నాడు. ఇటు రాసినాడు, అటు రాసినాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది ఏ జీవిది?"

"ఏ జీవిదీ కాదు."

"ఏ జీవిదీ కాని దానికి నన్ను ఐదు దినాలు గోడకు కూర్చోబెట్టినారా?" అన్నాడు. మళ్ళీ అన్నాడు: "జింకను కొట్టింటే ఒప్పుకుందును. కొట్టలేదని యెట్ల చెప్పాల్నో నాకు తెలీలే."

ముక్క నా చేతిలో పెట్టి కొండదారి పట్టినాడు. నేను ఒంటి చెప్పుతో కొంత దూరం వెనకే పోయినాను. ఆయప్ప తిరిగి చూడలేదు. 

నీ కారు ఇస్తామన్నారు. పోయి తెచ్చుకో.

సుంకన్న


ఆళ్ళగడ్డ,
6-3-1984

సుంకన్నకు,

కారు తెచ్చుకున్నాను. తొమ్మిది బొక్కలు. పీచు బయటికొచ్చింది.

నిన్న చక్రపాణి స్వామి మా ఇంటికే వచ్చినాడు. పాపయ్యను పట్టుకున్న మూడో దినం ఆయన కూడా అడవి ఆఫీసుకు పోయినాడంట, మనకు చెప్పలేదు. "కొండ మీది మా దేవుడు చెంచుల ఆడబిడ్డను చేసుకున్నాడు. వాళ్ళు మా స్వామికి అత్తగారింటివాళ్ళు. పారువేట ఉత్సవంలో దేవుని పల్లకి ముందు బాణం వేసే మనిషిని దొంగంటారా?" అని అడిగినాడంట. చట్టం ముందర చుట్టరికాలు లేవని పంపేసినారంట.

నేను గుడ్డ మార్పించి పెడతాను స్వామీ అన్నాను. ఆయన తల అడ్డం ఊపినాడు. "గుడ్డది కాదయ్యా తప్పు. చచ్చిన పశువు తోలు మీద కూర్చోనన్నవాణ్ణి, పదమూడు జింకలని చెవులారా విని కూర్చున్నాను. ఎవరు కొట్టారని అడగలేదు. ఎందుకు కొట్టారని అడగలేదు. హాయిగా ఉందన్నాను. నా మీద నాకే రోతగా ఉంది. నీ కారు చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది, నన్ను వదిలెయ్" అన్నాడు. ఉత్సవాలకు వేరే కారు మాట్లాడినారు.

ఆయన వెళ్ళినాక నేను చాలాసేపు ఆలోచించినాను. నేను కూడా అడగలేదు. నువ్వు పదమూడని రాస్తే, అతుకులు కనపడవు గదా అని సంతోషపడితిని.

బస్టాండులో నిలబడాల. నిలబడతాను. నీ జపాను గుడ్డ పీకి పెంటలో వేసినాను. తోలు వెయ్యి. ఎనుము తోలు. ఎవరడిగినా ఎనుము తోలనే చెప్తాను, ఎక్కేవాడు ఎక్కుతాడు, ఎక్కనివాడు నడుస్తాడు. కానీ నంద్యాలకు కారు పంపను. నువ్వే తోలు తీసుకొని వచ్చి, మా ఇంటి ముందర, వీధి అంతా చూస్తుండగా కుట్టాల. అది ఎనుము తోలేనని నాకెట్లా నమ్మకం కుదరాలో అది కూడా నువ్వే చూసుకో. నీ చేతి రాత ఇంక ఈ ఇంట్లో చెల్లదు.

మీ అక్క ఏమైనా రాయమందా అని నువ్వు అనుకోవచ్చు. ఏమీ రాయమనలేదు.

దాసరయ్య


నంద్యాల,
10-3-1984

బావకు,

నిన్న కొండకు పోయి వచ్చినాను. మారెమ్మ నన్ను దూరంలోనే చూసి, ఇంటి ముందర ఊడుస్తూ ఊడుస్తూ దుమ్మంతా నా దిక్కుకే తోసింది. పాపయ్య లోపలే ఉన్నాడు, రాలేదు. నేను తీసుకుపోయిన బట్టలు రాయి మీద పెట్టి వచ్చినాను. తిరిగి చూస్తే మారెమ్మ వాటిని చీపురుతో పక్కకు నెట్టుతోంది. ఇంక మా అంగడికి తేనె రాదు. రావాలని నేను కూడా అడగలేను.

తోలు కొన్నాను. ఇక్కడ తోలు అమ్మే ఏలీయా అనే పెద్దమనిషి దగ్గర కొన్నాను. ముసలి ఎనుము. ఎడమ భుజం దగ్గర గుంజకు రాసుకున్న మచ్చ ఉంది, పొట్ట దగ్గర ముల్లు గీత ఉంది. వాసన ఉంది. బాగానే ఉంది వాసన. ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరుతాను. మీ ఇంట్లో అన్నం పెట్టకపోయినా సరే, సద్ది కట్టుకొని వస్తాను.

నా రాత చెల్లదన్నావు గనక, కింద ఏలీయా చేత రాయించినాను. బతిమాలితే రాసినాడు.

సుంకన్న

అయ్యా దాసరయ్య గారికి, ఇది ఎనుము తోలే. నేనే అమ్మినాను. ముప్పై ఏండ్లుగా తోళ్ళు అమ్ముతున్నాను, ఎనుమును ఎనుమని సాక్ష్యం రాసిమ్మని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఛీ, ఏం మనుషులయ్యా మీరు. — ఏలీయా